కొండ మీది పండు, సంతలోని ధర: అరకు కాఫీ రైతుల గురించి

బెంగళూరులో తెలుగువారి సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం

అందరికీ నమస్కారమండీ.

కాఫీ రుచి చూసి నాణ్యత తేల్చడం నా వృత్తి. ఈ ఊళ్లో అమ్మే అరకు కాఫీ ప్యాకెట్ ఏది తీసుకున్నా మూడు మాటలు తప్పక కనిపిస్తాయి. ఎత్తైన కొండలు, ఆదివాసీ రైతులు, సేంద్రియ సాగు. ఆ మాటలు నిజమే. అయితే కప్పులో రుచి నిలబడేదీ చెడేదీ ఆ మూడింట్లోనూ లేని ఒక పూట మీద ఆధారపడి ఉంటుంది. అది పండు కోసిన రోజు సాయంత్రం. ఇవాళ ఎక్కువసేపు ఆ సాయంత్రం గురించే మాట్లాడతాను.

ముందు ఎత్తు సంగతి చెప్పేస్తాను. అరకు లోయ, పాడేరు, చింతపల్లి, గూడెం కొత్తవీధి ఇవన్నీ ఇప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉన్నాయి. పాడేరు కేంద్రంగా 2022 ఏప్రిల్‌లో ఆ జిల్లా ఏర్పడింది. అక్కడ అరబికా రకం కాఫీ తోటలు ఎక్కువగా 900 నుంచి 1,100 మీటర్ల ఎత్తులో ఉంటాయి. మనకు దగ్గర్లో, చిక్కమగళూరు జిల్లాలోని బాబాబుడన్‌గిరి తోటలు అంతకంటే పైన ఉంటాయి. ఇథియోపియాలోనైతే 2,000 మీటర్ల దాకా పండిస్తారు. ఆ లెక్కన అరకుది మరీ గొప్ప ఎత్తేమీ కాదు. మరి ఆ తీపి, ఆ చురుకైన పులుపు ఎక్కడివి?

పటం తీసి చూస్తే సగం జవాబు దొరుకుతుంది. చిక్కమగళూరు 13వ అక్షాంశం దగ్గర ఉంటే అరకు 18 దాటి ఉంది. భూమధ్యరేఖకు దూరం జరిగేకొద్దీ చలికాలం గట్టిగా ఉంటుంది. లంబసింగి చలి మీలో చాలామంది చూసే ఉంటారు. నవంబరు నుంచి జనవరి దాకా, ఆ చలి రోజుల్లోనే అక్కడ కాఫీ పండు ఎరుపెక్కుతుంది. అరబికాకు పువ్వు నుంచి పండు కావడానికి 8, 9 నెలలు పడుతుంది. చివరి నెలల్లో రాత్రులు చల్లగా ఉంటే పండు తొందరపడదు. నిదానంగా ముగ్గిన పండులో గింజ గట్టిగా తయారవుతుంది, చక్కెరలూ ఆమ్లాలూ కూడుకుంటాయి. పైగా నీడ ఉంది. పనస, మామిడి లాంటి పాత చెట్లు, వాటి మధ్య సిల్వర్ ఓక్, సిల్వర్ ఓక్ మీదికి పాకిన మిరియాల తీగ. ఈ నీడ లేకపోతే అరబికాకు కాండం తొలుచు పురుగు పడుతుంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను ఆ నీడ చెట్లను వేళ్లతో సహా పెకలించింది. విశాఖలో జరిగిన నష్టం గురించి అందరూ మాట్లాడారు. నీడ పోయిన కాఫీ మొక్క కోలుకోవడానికి ఎన్నేళ్లు పడుతుందో కొండ మీదివాళ్లకు తెలుసు.

అంటే కొండ తన వంతు పని చేసింది. ఇక మిగిలింది మనుషుల పని.

తూర్పు కనుమల్లోకి కాఫీ ఎలా వచ్చిందో రెండు మాటల్లో చెబుతాను. 1898లో బ్రాడీ అనే బ్రిటిష్ అధికారి తూర్పు గోదావరి ఏజెన్సీలోని పాములేరు లోయలో మొదట నాటించాడని చెబుతారు. స్వాతంత్ర్యం వచ్చాక అటవీ శాఖ పెద్ద ఎత్తున వేసింది. పక్కనే ఒడిశా కోరాపుట్‌లో మాచ్‌ఖండ్ జలాశయంలోకి మట్టి కొట్టుకుపోకుండా 1950ల చివర్లో కాఫీ నాటారు. కొండవాలులో నేల జారకుండా పట్టుకునే పంటగా ప్రభుత్వాలు దీన్ని చూశాయి. పోడుకు బదులుగా కుటుంబానికి ఎకరమో రెండెకరాలో కాఫీ ఇప్పించే ప్రయత్నం గిరిజన సహకార సంస్థ చేతుల మీదుగా, ఆ తరవాత పాడేరులోని గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ, కాఫీ బోర్డు చేతుల మీదుగా సాగింది. మనం జీసీసీ అని పిలిచే ఆ సంస్థ 1956లో పుట్టింది. గూడెం కొత్తవీధి దగ్గర ఆర్.వి. నగర్‌లో కాఫీ బోర్డు పరిశోధనా కేంద్రం ఉంది. ఇప్పుడు ఆ మన్యంలో కాఫీ రెండు లక్షల ఎకరాలు దాటింది. భగత, కొండదొర, కోందు, కోటియ, పోర్జ, గదబ, వాల్మీకి కుటుంబాలు దాన్ని పండిస్తున్నాయి.

ఇక్కడ ఒక చట్టం గురించి చెప్పకపోతే మిగతా కథ అర్థం కాదు. ఏజెన్సీ వాళ్లు 1/70 అంటారు. 1959 నాటి భూమి బదలాయింపు నిబంధనలను 1970లో బిగించారు. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమిని గిరిజనేతరులు కొనడానికి వీల్లేదు. 1997లో సమత అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఆ రక్షణను ఇంకా గట్టి చేసింది. ఈ చట్టమే లేకపోతే అరకు లోయ ఈపాటికి నాలుగైదు పెద్ద ఎస్టేట్లూ పది రిసార్టులూ అయి ఉండేదని నేను నమ్ముతాను. అరకు కాఫీలో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించేది ఇదే. మొక్క ఎవరిదో నేల వాళ్లదే.

అయితే దీనికి రెండో వైపూ ఉంది. కొడగులో, చిక్కమగళూరులో కూడా చిన్న రైతులే ఎక్కువ. కానీ అక్కడ పెద్ద ఎస్టేట్లు కూడా పక్కపక్కనే ఉన్నాయి. ఎస్టేటు యజమానికి పండు తోలు ఒలిచే యంత్రం, పల్పర్, సొంతంగా ఉంటుంది, సొంత సిమెంటు కళ్లం ఉంటుంది, సరుకు నిలవ పెట్టే గోదాము ఉంటుంది, ధర బాగోకపోతే ఆరు నెలలు ఆగే స్తోమత ఉంటుంది. ఎకరంన్నర కాఫీ ఉన్న గూడెం మనిషికి ఇవేవీ ఒంటరిగా సాధ్యం కావు. ఆ లోటు ఎక్కడ బయటపడుతుందంటే, మొదట్లో నేను చెప్పిన సాయంత్రం పూట.

ఆ పూట ఏం జరుగుతుందో చూడండి.

ఒకే కొమ్మ మీద పండ్లు ఒకేసారి పండవు. మార్చి, ఏప్రిల్ వానలకు పువ్వు విడతలు విడతలుగా పూస్తుంది, పండు కూడా విడతలుగానే వస్తుంది. ఎర్రగా పండినవి మాత్రమే ఏరి కోయాలంటే సీజనులో నాలుగైదుసార్లు అదే మొక్క దగ్గరికి వెళ్లాలి. ఈ కోత చాలావరకు ఆడవాళ్ల పని. నడుముకు బుట్ట కట్టుకుని వాలు మీద నిలబడి, ఎరుపు చూసి, తొడిమ దెబ్బ తినకుండా ఒక్కో పండూ తీస్తారు. కుటుంబమంతా రోజల్లా కోస్తే బస్తా, రెండు బస్తాలు.

కోసిన పండు గంటల్లో వేడెక్కడం మొదలవుతుంది. బస్తాలో కట్టి రాత్రంతా ఉంచితే దానంతటదే పులిసిపోతుంది. అందుకే కోసిన రోజే నీళ్లలో వేసి తేలినవి తీసేసి, పల్పర్‌లో తోలు ఒలిపించాలి. తరవాత గింజకు అంటుకున్న జిగురు కరగడానికి తొట్టిలో పులియబెట్టాలి. ఒక రోజు చాలు, చలి ఎక్కువైతే ఇంకొంత సేపు. శుభ్రంగా కడగాలి. నేల తగలకుండా బల్లల మీదో సిమెంటు కళ్లం మీదో పలచగా పరిచి, గంటగంటకూ తిరగేస్తూ, మంచు పడే వేళకు కప్పుతూ, తేమ 10, 11 శాతానికి దిగేదాకా ఎండబెట్టాలి. పలచటి పెంకు మిగిలిన ఈ గింజను పార్చ్‌మెంటు అంటారు. ఇంత చేసినా 100 కిలోల పండుకు చివరికి చేతికొచ్చే శుభ్రమైన గింజ 16 కిలోలు, అటూ ఇటూ.

రెండో దారి ఒకటుంది. పచ్చివీ పండువీ కలిపి కొమ్మ మొత్తం ఒక్కసారి దూసేసి, తోలుతోనే వాకిట్లో ఎండేసి, చెర్రీ అని పిలిచే ఆ ఎండు పండును సంతకు మోసుకెళ్లడం. నీళ్లు అక్కర్లేదు, యంత్రం అక్కర్లేదు, నలుగురు మనుషుల సాయం అక్కర్లేదు. జాగ్రత్తగా ఎండబెడితే తోలుతో ఎండిన కాఫీ కూడా గొప్పగా ఉంటుంది. అందులో తప్పు లేదు. తప్పు ఎక్కడంటే పచ్చికాయ కలవడంలో, మట్టి నేల మీద తడిసి బూజు పట్టడంలో. ఆ బూజు వాసన నా బల్ల మీదికి కప్పుగా వస్తుంది. అప్పుడు నేను మార్కులు కోస్తాను. ఎక్కడో ఒక ఇల్లు దాని ఫలితం అనుభవిస్తుంది.

రైతు రెండో దారి ఎందుకు పడుతున్నాడు? తెలియక అని మాత్రం అనకండి. ఇరవై ఏళ్లుగా కాఫీ చేస్తున్న మనిషికి ఎర్ర పండు విలువ తెలుసు. సంక్రాంతి ముందు ఇంట్లో డబ్బు కావాలి. వానాకాలంలో, తిండికి కటకటగా ఉన్న నెలల్లో షావుకారు దగ్గర తీసుకున్న అప్పు ఉంది. ఆ అప్పుకు పంటే హామీ. ఎర్ర పండే తెచ్చినా పచ్చీ పండూ కలిపి తెచ్చినా సంతలో కిలో ధర దాదాపు ఒకటే అయినప్పుడు, కొమ్మ దగ్గరికి ఐదుసార్లు వెళ్లడానికి కారణమేముంది? కష్టానికి విడిగా ధర కట్టని చోట కష్టం తగ్గుతుంది. మీ ఉద్యోగాల్లోనూ అంతే కదా.

కాబట్టి నా మాట ఇది. నాణ్యత పెరగాలంటే రైతుకు పాఠాలు చెప్పడం కంటే ముందు కావలసినవి రెండు. గూడేనికి నడక దూరంలో పల్పింగ్ వసతి ఉండాలి. ఎర్ర పండుకు వేరే ధర, అదీ తూకం వేసిన చోటే చేతిలో పడాలి.

ఈ దిశలో రెండు రకాల ప్రయత్నాలు జరిగాయి. నాంది ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ 2000 ప్రాంతంలో అక్కడ పని మొదలుపెట్టింది. చిన్న, సన్నకారు గిరిజన రైతుల పరస్పర సహాయ సంఘం 2007లో ఏర్పడింది. వాళ్లు ఊళ్ల నుంచే పండు కొని, ఒక చోటికి చేర్చి, అక్కడ పల్పింగ్ చేస్తారు. ఏటా రైతుల కాఫీకి రుచి పోటీలు పెట్టి, విదేశీ నిపుణుల చేత తీర్పు చెప్పించారు. ఆ దారిలోనే 2017లో పారిస్‌లో దుకాణం తెరిచారు, 2018లో అక్కడ బంగారు పతకం వచ్చింది, 2021లో ఈ ఊళ్లోని ఇందిరానగర్‌కు వచ్చారు. జీసీసీది ఇంకో పద్ధతి. రైతు ఇంటి దగ్గరే చిన్న పల్పర్‌తో ఒలిచి ఎండబెట్టిన పార్చ్‌మెంటును, ఎండు చెర్రీని ముందే ప్రకటించిన ధరకు కొంటుంది. ప్రభుత్వ ధర ఒకటి ఉందని తెలిశాక షావుకారు కూడా మరీ కిందికి అడగలేడు. ఆ మేలు జీసీసీకి ఒక్క కిలో అమ్మని రైతుకు కూడా అందుతుంది.

ఏది మంచిదని నన్ను తరచూ అడుగుతారు. పండుగా అమ్మితే ఎండబెట్టే బెడద, వాన భయం రైతుకు తప్పుతుంది. నాణ్యత కూడా ఒకే తీరుగా వస్తుంది. కానీ పని, దానితో వచ్చే విలువ ఊరు దాటిపోతాయి. పార్చ్‌మెంటుగా అమ్మితే విలువ ఇంట్లో ఉంటుంది, కానీ ఇంటింటికీ ఒక రుచి తయారవుతుంది. పైగా ప్రతి ఇంటి కడుగునీళ్లూ గెడ్డలోకే, అంటే వాగులోకే పోతే కింది గూడెం తాగే నీళ్లు పాడవుతాయి. ఈ కడుగునీళ్ల సంగతి ఎవరూ ప్యాకెట్ మీద రాయరు. నా మొగ్గు మధ్యలోని దారి వైపు. ముప్పై, నలభై కుటుంబాలకు ఒక చిన్న పల్పింగ్ కేంద్రం, దాని పక్కనే ఇంకుడు గుంతలు, బల్లలు, ఆ ఊరి వాళ్లే నడిపేలా. ఖర్చు ఎక్కువే. అయినా రుచిలో ఊరి పేరు నిలబడేది అక్కడే.

ఎందుకంటే పేరు పోవడమంటే ఏమిటో ఈ ఊళ్లోనే చూశాం. మన్యం కాఫీ ఏళ్ల తరబడి బెంగళూరు వేలాల్లో అమ్ముడైంది. ఇక్కడికి వచ్చేసరికి అది ప్లాంటేషన్ ఏ, ప్లాంటేషన్ బి, పీబీ అనే గ్రేడు పేర్లు, అంతే. గింజ సైజు తప్ప ఊరు లేదు, మనిషి లేడు. 2019 మార్చిలో కూర్గ్, చిక్కమగళూరు, బాబాబుడన్‌గిరి, వయనాడ్‌తో పాటు అరకు లోయ అరబికాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే. అయితే ఆ ముద్ర పేరును కాపాడుతుందే గాని ధర ఇప్పించదు. ధర ఇప్పించాల్సింది కొనేవాళ్లు.

ఒక సోదరి ఇందాకే చీటీ పంపారు. "ప్రపంచంలో కాఫీ ధర బాగా పెరిగింది కదా, రైతులకు మంచి రోజులే కదా" అని. 2025 ఫిబ్రవరిలో న్యూయార్క్ మార్కెట్లో అరబికా పౌను 4 డాలర్లు దాటిందమ్మా, నిజమే. బ్రెజిల్‌లో కరువు అందుకు పెద్ద కారణం. ఆ డబ్బులో కొంత కొండ మీదికీ వెళ్లింది. దాంతో అప్పు తీరినవాళ్లూ, ఇంటికి రేకులు మార్చుకున్నవాళ్లూ ఉంటారు, నాకు అంతకంటే ఆనందం లేదు. కానీ ధర ఆకాశానికి వెళ్లిన ఏడాది సహకార సంఘాలకు గడ్డు ఏడాది. వ్యాపారి గూడెంలోకే జీపు తెచ్చి, పచ్చి అనడు, పండు అనడు, అంతా తూకం వేసుకుని నోట్లు లెక్కపెడతాడు. సంఘానికి ఇస్తానన్న రైతు ఆ రోజు ఎటు వెళ్తాడు? అలా సంఘం బలహీనపడుతుంది. రెండేళ్లకు బ్రెజిల్‌లో వానలు పడి ధర పడిపోయిన రోజున ఆ జీపు రాదు. కొనడానికి సంఘమూ మిగలదు. మంచి ధర ఉన్నప్పుడే సంఘంలో ఉన్నవాళ్లకు ఏడాది చివర బోనస్ ఇవ్వగలిగేంత మూలధనం సంఘం చేతిలో ఉండాలి. ఇక్కడ కాఫీ వేయించి అమ్మే కంపెనీలు సీజనుకు ముందే కొంత సొమ్ము అడ్వాన్సుగా ఇస్తే, షావుకారు అప్పు స్థానంలో ఆ డబ్బు ఉంటుంది. ఈ ఊళ్లో కొత్తగా కాఫీ వ్యాపారం మొదలుపెట్టిన మన పిల్లలు చాలామంది ఉన్నారు. వాళ్లను నేను ఇదే అడుగుతుంటాను. తోట ఫొటో గోడ మీద పెట్టుకోండి, వద్దనను. జూన్‌లో అడ్వాన్సు పంపండి.

యూరప్ చట్టం ఒకటి కూడా తలుపు దగ్గర నిలబడి ఉంది. అడవి నరికి పండించింది కాదని రుజువు చూపని కాఫీని తీసుకోబోమని 2023లో చట్టం చేశారు. అమలు వాయిదా పడుతూ వస్తోంది. అది అమలైతే ప్రతి తోట ఎక్కడుందో అక్షాంశ రేఖాంశాలతో చెప్పాలి. నీడ చెట్ల కింద పండించే అరకు రైతుకు నిజానికి ఇది అనుకూలమైన నిబంధన. కానీ 500 ఎకరాల ఎస్టేటుకు ఒక్క పటం చాలు. అదే 500 ఎకరాలు మూడు వందల కుటుంబాలవైతే మూడు వందల తోటల వివరాలు కావాలి. అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన పట్టాలు, సర్వే నంబర్లు సరిగా ఉన్నవాళ్లకు పని తేలిక, లేనివాళ్లకు కష్టం. ఈ పని ఇప్పటినుంచే చేసి పెట్టాలి.

చివరగా, నన్ను అన్నిటికంటే ఎక్కువగా కలవరపెడుతున్న విషయం. బెర్రీ బోరర్, కాయ తొలుచు పురుగు. మన దేశంలో అది 1990లో నీలగిరి జిల్లా గూడలూరు దగ్గర మొదట కనిపించింది. తరవాత కొడగు, వయనాడ్, చిక్కమగళూరు అంతా పాకింది. మన్యం మాత్రం ఎన్నో ఏళ్లు దానికి దూరంగా ఉంది. 2025 ఆగస్టులో అరకు మండలంలో అది కనిపించింది. సోకిన తోటల్లో పచ్చికాయతో సహా మొత్తం దూసేసి, మరిగే నీళ్లలో ముంచి, గోతుల్లో పూడ్చారు. ఏడాదికి ఒక్కసారి వచ్చే పంటను కళ్ల ముందే గోతిలో పోయడం ఆ ఇంటికి ఎలా ఉంటుందో ఆలోచించండి.

ఆ పురుగు రెండు మిల్లీమీటర్లు కూడా ఉండదు. ఆడ పురుగు కాయ కొనను తొలిచి లోపలికి వెళ్లి గింజలోనే గుడ్లు పెడుతుంది. లోపల ఉన్నదానికి మందు తగలదు. కోత అయ్యాక కొమ్మ మీద మిగిలిన కాయలు, నేల మీద రాలిన కాయలు దానికి మళ్లీ సీజను వచ్చేదాకా ఇల్లు. అందుకే ఒక్క కాయ కూడా మిగలకుండా ఏరేయడమే దీనికి మొదటి మందు. ఎర పెట్టిన ఉచ్చులు, బవేరియా అనే శిలీంధ్రం సాయం చేస్తాయి. నేను ఏరేసినా పక్క తోటవాళ్లు వదిలేస్తే లాభం లేదు. ఇక్కడ కూడా మళ్లీ అదే మాట, ఊరంతా కలిస్తేనే అయ్యే పని. రాలిన కాయ ఏరడానికి కూలి లెక్క కట్టి ఇవ్వాలి, అది ఏ ధరలోనూ ఇప్పుడు లేదు.

వెనక వరసలో ఒక పెద్దాయన చెయ్యెత్తారు, చెప్పండి సార్. ఈ డిసెంబరులో కుటుంబంతో అరకు వెళ్తున్నారట, తోటలు చూడొచ్చా అని అడుగుతున్నారు.

తప్పకుండా చూడండి సార్, కోత మంచి ఊపులో ఉంటుంది. వారంలో ఏ రోజు ఏ ఊళ్లో సంతో కనుక్కుని వెళ్లండి. తోటలోకి మాత్రం ఆ ఇంటివాళ్లను అడిగి, వాళ్లతోనే వెళ్లండి. ఒక్కటి గుర్తుపెట్టుకోవాలి. మీరు ఇక్కడి నుంచి బయల్దేరేముందు కొడగులోనో చిక్కమగళూరులోనో ఏదైనా తోటకు వెళ్లి ఉంటే, అక్కడి గోనె సంచులు, బుట్టలు, మొక్కలు, కాయలు ఏవీ కారులో అరకు తీసుకెళ్లకండి. ఆ పురుగు అలాంటి వాటిలో సులువుగా ప్రయాణం చేస్తుంది. అక్కడి నుంచి కూడా పిల్లలు ముచ్చటపడ్డారని పచ్చికాయల కొమ్మ విరిచి తేవద్దు. వేయించిన గింజలు కొని తెచ్చుకోండి, ఏ ఊరిదో, ఏ ఏడాది పంటో అడిగి మరీ కొనండి.